కాపురం ఒంటికి పట్టింది

“ఇంకో అరగజం పడుతుంది వదినా! కాపురం నీ ఒంటికి భలే పట్టిందిలే,” అంటూ కఫూయి నడుము చుట్టూ టేపు తిప్పింది బట్టలు కుట్టే ఎసీ. చర్చి వార్షికోత్సవానికి ఆడవాళ్లంతా ఒకే రకం నీలం గుడ్డ తీసుకున్నారు. కొలతలకి వచ్చినవాళ్లందరూ కఫూయిని కళ్లారా చూసి మెచ్చుకున్నారు. సముద్రపొడ్డున ఉన్న ఆ అన్లోగా ఊళ్లో పెళ్లాం ఒళ్లు చేసిందంటే మొగుడు బంగారమని అర్థం. చిక్కిందంటే వాడు తిండి పెట్టడం లేదని ఊరు కోడై కూస్తుంది. కఫూయి నవ్వింది. అలా నవ్వడం కూడా ఆమె ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

తెల్లారకముందే బావిలో నీళ్లు తోడి చిన్న ఉల్లిపాయల మడులు తడపాలి. అత్తగారికి మొక్కజొన్నపిండి ముద్ద ఉండ కట్టకుండా కెలకాలి, ముద్ద పలచనైతే ఆవిడ పళ్లెం పక్కకి జరుపుతుంది. మొగుడు సెనాను తన చేపవలల కొట్టుకి వెళ్లేసరికి చొక్కా ఇస్త్రీ అయి ఉండాలి. ఇవన్నీ నాలుగేళ్లుగా చేస్తున్నవే. ఈ ఆరునెలల నుంచే పాదాలు ఉబ్బుతున్నాయి, బకెట్టు ఎత్తితే గుండె గొంతులోకొస్తోంది. “ఏమండీ, ఒక్కసారి ఆసుపత్రికి వెళ్లొద్దామా?” అని అడిగితే సెనాను అదేదో హాస్యమన్నట్టు చూశాడు. “నిన్ను చూసి రోగిష్టిదని ఎవడంటాడే? నలుగురిలో నన్ను నవ్వులపాలు చెయ్యకు.” అత్తగారైతే వంటింట్లోంచే అందుకుంది. “ఈ నిగారింపు కోసం మా రోజుల్లో దేవుడికి మొక్కుకునేవాళ్లం. పని ఎగ్గొట్టే ఎత్తులు నా దగ్గరా కోడలా?”

బడిలో చదివే రోజుల్లో కఫూయి సముద్రపొడ్డున పరిగెత్తేది. తడి ఇసకలో మడమ ఆనీ ఆనకముందే రెండో కాలు లేచేది. ఆ కాళ్ల కోసం ఆమె మనసు అలమటించేది. అందం కోసం కాదు, ఆ తేలికదనం కోసం. అంతకన్నా ఎక్కువగా, ‘ఎలా ఉన్నావే’ అని అడిగి, జవాబు వినేదాకా ఆగే మనిషి కోసం తపించేది. ఆమెను చూడగానే అందరికీ జవాబు దొరికిపోయేది. ఇక అడగాల్సిన అవసరమేముంది?

పక్క మడి అబ్లాది. ఆమె మొగుడు ఇంకొకత్తెతో సరిహద్దు దాటి లోమే పట్నం వెళ్లిపోయాడు. మెడ ఎముకలు పైకి తేలి, చీపురుపుల్లలా ఉండేది. దిగులుతో ఎండిపోయిందని ఊరంతా జాలిపడేది, కఫూయి కూడా. వారానికోసారి అత్తగారి కంట పడకుండా నాలుగు వేయించిన చేపలు పంపేది.

ఆ గురువారం ఉల్లికట్టల బేసిన్ నెత్తిన పెట్టుకుని పది అడుగులు వేసిందో లేదో, కఫూయి కళ్లు బైర్లు కమ్మి బావిగట్టున కూలబడింది. అబ్లా పరుగున వచ్చి బేసిన్ దింపింది.

“ఎలా ఉంది చెల్లీ?” అని అడిగి, కదలకుండా అక్కడే కూర్చుంది.

కఫూయికి ఏడుపొచ్చింది. “పడుకుంటే ఊపిరాడదక్కా. గోడకి ఆనుకునే నిద్రపోతున్నాను.”

అబ్లా ఆమె చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. “ఇది కొవ్వు కాదు, నీరు. మా పెద్దమ్మకి ఇలాగే మొదలైంది. ఆవిడనీ అందరూ మహారాణిలా ఉన్నావనేవాళ్లు. ఆలస్యం చెయ్యకు.”

“నీ దిగులు నీకుండగా నా బెంగ కూడా దేనికక్కా?”

“నాకు దిగులేంటే!” అబ్లా పకపకా నవ్వింది. “మా వంశమే ఈనెపుల్లల వంశం. వాడు పోయాక కడుపునిండా తిని కంటినిండా నిద్రపోతున్నా. నువ్వు పంపే చేపలంటావా, రుచిగా ఉంటాయని ఊరుకున్నాను.”

కఫూయి తలొంచుకుంది. తన ఒంటిని చూసి ఊరు చేసిన తప్పే, అబ్లా ఒంటిని చూసి తనూ చేసింది. సిగ్గేసింది. ఆ వెనకే, ఆరునెలల్లో మొదటిసారి ఎవరో తన మాట నమ్మారన్న ఊరట కలిగింది.

ఆదివారం నీలం గుడ్డల్లో చర్చి నిండిపోయింది. అత్తగారు తన పూసల దండ తీసి కోడలి మెడలో వేసింది. ప్రార్థన ముగిశాక ఫొటోకి అందరూ మెట్ల మీద సర్దుకున్నారు. “ముందు వరసలో, నా పక్కన. కాస్త నవ్వు మొహం పెట్టు,” అన్నాడు సెనాను. రెండు మెట్లెక్కేసరికి కఫూయికి ఆయాసం ముంచుకొచ్చింది. ఈ ఫొటో గోడకెక్కితే, తను పోయినా దాన్ని చూపించి ‘ఎంత బాగా చూసుకున్నాడో’ అంటారనిపించింది. వెంటనే వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

“ఎక్కడికే? అందరూ నీ కోసమే ఆగారు!”

“ఆసుపత్రికి. ఫొటో మీరు దిగండి.”

“ఇంత మందిలో నా పరువు తీస్తావా?”

ఆమె నడక ఆపలేదు. మాటకి ఖర్చయ్యే ఊపిరి నడకకి కావాలి. రోడ్డు మీద వ్యాను ఆపి ఎక్కింది.

ఆసుపత్రి బల్ల దగ్గర నర్సు తలెత్తి ఆ నీలం బట్టల్నీ, పూసలనీ, నిండైన బుగ్గలనీ చూసి మర్యాదగా నవ్వింది. “చూడ్డానికి వచ్చేవాళ్లని నాలుగింటికి గానీ లోపలికి పంపమమ్మా. మీ పేషెంటుది ఏ వార్డు?”

కఫూయి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నవ్వలేదు.

“పేషెంటుని నేనే,” అంది.