మంచు కూడా దాటని మనిషి

పొద్దున్నే కొండ మీంచి మంచు దిగుతుంది. దిగి దిగి, వాకిట్లో కాఫీ తాగుతూ నిలబడ్డ ఎవోదియో బారియెంతోస్ దగ్గర ఆగిపోతుంది. ఆయన వీపు వెనక సందంతా ఎండే. అందుకే మినెరాల్ దెల్ ఆల్బా ఊరి ఆడవాళ్ళు ఉతికిన బట్టలు అటువైపే ఆరేస్తారు.

"మాస్టారూ, ఇంకాసేపు అక్కడే ఉండండి. దుప్పట్లు ఆరలేదు," అంటారు. ఆయన ఇంకో కప్పు తెప్పించుకుంటాడు.

ఎదురుగా వచ్చింది ఏదీ ఎవోదియోని దాటిపోదు. వద్దనుకున్నా కాళ్ళు వాటంతటవే అడ్డం పోతాయి. దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడినన్నాళ్ళూ ఒక్కడంటే ఒక్కడు బంతితో ఆయన్ని దాటలేదు. పేపర్లు 'ఇనప తలుపు' అని రాశాయి. ఆట మానేసి సొంత ఊరి జట్టుకి కోచ్ అయ్యాక, ప్రాక్టీసులో ఆయన్ని దాటలేక కుర్రాళ్ళు గోల్ కొట్టడమే మర్చిపోయారు. అడ్డుకోవడం ఒక్కటే వచ్చు. జట్టు ఓడదు, గెలవదు. ఆదివారం సాయంత్రం ఎవరూ స్కోరు అడగరు.

చిక్కంతా ఆయన కూతురు దొమితిలాకి. బంతితో పరిగెడితే ఆ పిల్ల జడ గాలిలో తేలుతుంది. రాజధానిలోని ఆడపిల్లల జట్టు కిందటేడు రమ్మంది. బయల్దేరితే గుమ్మంలో నాన్న. పెరటి వైపు వెళ్తే అక్కడా నాన్నే. డాబా మీంచి నిచ్చెన దిగితే, కింద తల గోక్కుంటూ నాన్న. బస్సు వెళ్ళిపోయింది. ఈ ఏడు మళ్ళీ పిలిచారు. ఈ ఆదివారం మధ్యాహ్నం బస్సుకి రాకపోతే ఆ చోటు ఇంకో పిల్లకి ఇచ్చేస్తామన్నారు.

"నేనేం ఆపట్లేదమ్మా," అన్నాడు ఎవోదియో.

"నీ కాళ్ళు ఆపుతున్నాయి నాన్నా."

"వాటికి చెప్పి చూశాను."

నిజంగానే చెప్పి చూశాడు. కానీ చెప్తున్నప్పుడు గొంతులో బలం లేదు. అంత పెద్ద ఊళ్ళో ఈ చిన్నది ఎలా ఉంటుందోనని ఆయన దిగులు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక సందులో ఎప్పటిలాగే రాళ్ళు పెట్టి బంతాట మొదలుపెట్టారు. పక్కింటి ఎఫ్రాసియా, కూర పెట్టి కాల్చిన పేస్తెల బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. దొమితిలా ఎడమకి వెళ్తే నాన్న, కుడికి వెళ్తే నాన్న.

"ఒసే దొమీ, గోడని ఎందుకు గుద్దుకుంటావే? ఒక పేస్తె తిను," అంది ఎఫ్రాసియా.

దొమితిలా ఆగి నడుం మీద చెయ్యి వేసుకుంది. నాన్నని దాటలేం, సరే. మరి నాన్న వెనకాలే నడిస్తే ఏమవుతుంది? ఇన్నాళ్ళూ ఎవరూ అటు ఆలోచించలేదు. బంతిని మెత్తగా, కొత్తవాడెవడో పొరపాటున వదిలేసినట్టు, ఆయన కుడికాలి ముందుకి దొర్లించింది.

కాలు ఆగలేదు. బంతి చర్చి గంట ఎత్తుకి లేచి, పల్లంలోకి పడి, రాతిమెట్ల మీంచి దూకుతూ పోయింది.

సందంతా గొల్లున నవ్వింది. ఆ సందులో ఒకటే చట్టం: తన్నినవాడే తెచ్చుకోవాలి. గవర్నరు తన్నినా గవర్నరే దిగాలి.

"వెళ్ళరా, ఇనప తలుపూ," అంది ఎఫ్రాసియా. తనూ బుట్ట ఎత్తుకుని లేచింది. పేస్తెల కింద ఆ పిల్ల బట్టల మూట ఉంది.

ఎవోదియో మెట్లు దిగాడు. ఆయన అడుగు తీసిన చోటే దొమితిలా అడుగు వేసింది. ఆ వెనక ఎఫ్రాసియా. ఎవరూ ఎవరినీ దాటలేదు. బంతి బస్టాండు దాకా దొర్లి, తెరిచి ఉన్న బస్సు ముందు తలుపులోంచి ఎక్కి, వెనక సీటు కింద కూర్చుంది.

ఆయన బస్సెక్కాడు. వంగి బంతి తీశాడు. అప్పుడు వినబడింది, తనది కాని ఊపిరి.

"వెనకాల ఎవరు?"

"నేనే నాన్నా."

"ఎక్కణ్ణుంచి వస్తున్నావు?"

"ఇంటి దగ్గర్నుంచీ."

తిరిగి చూస్తే ఆ పిల్ల ఎదురవుతుంది. ఎదురైతే కాళ్ళు ఊరుకోవు. ముఖం చూడాలని ఎంతగానో అనిపించింది. బంతికి అంటిన మట్టి తుడిచాడు.

"చలికోటు తెచ్చుకున్నావా?"

"తెచ్చాను."

ఆయన తిరగలేదు. వెనక తలుపులోంచి దిగిపోయాడు.

ఎఫ్రాసియా బట్టల మూట కిటికీలోంచి అందించింది. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. బస్సు కదలబోయేసరికి ఎవోదియో దాని ముందు ఉన్నాడు. ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు.

"మాస్టారూ," అన్నాడు డ్రైవరు నెమ్మదిగా, "నాకు సాయంత్రానికి చేరాలండి."

ఎవోదియో తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత రోడ్డు పక్కకి జరిగి, బంతి పక్కన పెట్టి, మట్టిలో రెండు మోకాళ్ళూ మడిచి కాళ్ళ మీద గట్టిగా కూర్చున్నాడు. ఆడినన్నాళ్ళూ ఆయన్ని అలా నేల మీద చూసినవాళ్ళు లేరు.

బస్సు మెల్లగా ఆయన్ని దాటింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, మలుపు దాకా ఊగుతూనే ఉంది.

"కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇక లేవరా," అంది ఎఫ్రాసియా.

"ఉండు అక్కా," అన్నాడు ఎవోదియో. "బస్సు ఇంకా కొండ దిగలేదు."