రెక్క కనపడని పొద్దు

ప్లగ్గులోని ఇత్తడి పిన్నులను పాత లుంగీ గుడ్డతో తుడిచి, మీరా హుస్సేన్ వేలితో తడిమి చూశాడు. ఈమధ్య కంటికంటే వేలినే నమ్ముతున్నాడు. ట్రాలీ మీది బ్యాటరీ మీటరులో ముల్లెక్కడుందో తెలుసుకోవడానికి ముఖాన్ని అద్దానికి ఆనించాల్సి వచ్చింది. ముల్లు పచ్చగీత మీదే ఉంది. "బిస్మిల్లా" అనుకుని ట్రాలీని లాక్కుంటూ బయల్దేరాడు.

చిలకలూరిపేట దాటాక, పత్తి చేల నడుమ ఉన్న ఆ చిన్న రన్‌వే మీద పిల్లలు విమానం నడపడం నేర్చుకుంటారు. విమానంలోని బ్యాటరీ అరిగిపోకుండా పొద్దున్నే మొదటి స్టార్టు మీరా లాక్కొచ్చే ఈ బ్యాటరీ బండితోనే. ఇక్కడ చేరకముందు అతను పేట లారీ స్టాండులో బ్యాటరీల పని చేసేవాడు. మొండికేసిన లారీకి వైర్లు తగిలించడం, ఇంజను అందుకోగానే పీకేసి బానెట్ ముందునుంచి పక్కకు దూకడం అక్కడి పద్ధతి. ఇక్కడ చేరిన కొత్తలో ఆ అలవాటు మాన్పించడానికి ఇన్‌చార్జి నాగేంద్రబాబు నానా తంటాలు పడ్డాడు.

"ఇది లారీ కాదయ్యా మీరా. ముందు స్విచ్ కట్టెయ్, తర్వాత ప్లగ్గు పీకు, తోకవైపు నడువు. ముందుకెళ్లావంటే ముక్కు మీద తిరిగే ఆ ఫ్యాను రెక్కకి కొత్తిమీర తరుగైపోతావ్."

నవ్వుకుంటూనే నేర్చుకున్నాడు.

చలికాలంలో కళ్లకు మసక కమ్మింది. నరం ఎండిపోతోందని, ఆపరేషనుకు లొంగదని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఆ సంగతి భార్య జానీబీకి తప్ప ఎవరికీ తెలియదు. "మిరపకాయల తొడిమలు తీసే పని నాకుందిగా, నువ్వు మానెయ్" అందామె. అతను మానలేదు. ఇంజను అందుకోగానే నేల అదిరి అరికాళ్లలోకి ఒక వణుకు వచ్చేది. తన చేతిమీదుగా లోకంలో జరిగే గొప్ప సంగతి అదొక్కటే అనిపించేది.

ఆ రోజు లోపల కూర్చున్నది శ్రీదివ్య, నేర్చుకునే పిల్లల్లో చురుకైనది. బొటనవేలు పైకెత్తింది. మీరా విమానానికి ప్లగ్గు తగిలించి స్విచ్ వేశాడు. ఇంజను దగ్గి, అందుకుంది. స్విచ్ కట్టాడు, ప్లగ్గు పీకాడు. ఎదురెండ కొడుతోంది. రెక్క తిరిగేచోట ఎప్పుడూ గాలిలో బూడిదరంగు చక్రం లీలగా కనపడేది. ఇవాళ ఉత్త ఆకాశమే కనపడింది. కాళ్లు పాత లారీ స్టాండు అలవాటులో పడ్డాయి. ముందుకొక అడుగు వేశాడు.

చొక్కా అంచును గాలి లాగినట్టయి నిలబడిపోయాడు. అప్పటికే శ్రీదివ్య ఇంజను కట్టేసింది. రెక్క నిదానించి, అతని మోచేతికి జానెడు దూరంలో నల్లగా బయటపడింది.

"ఎటొస్తున్నారు బాబాయ్?" ఆ పిల్ల దిగి పరుగెత్తుకొచ్చింది.

"కనపళ్లేదమ్మా."

ఆమె చుట్టూ చూసింది. "ఎవరూ చూళ్లేదు. నేనూ చెప్పనులే."

"చెప్పకపోతే రేపు మళ్లీ నేనే వస్తాను తల్లీ. నీ చేతిలో నా ప్రాణం పోతే, నువ్వింక విమానం ఎక్కగలవా?"

టీ తాగుతున్న నాగేంద్రబాబు దగ్గరికి తనే వెళ్లాడు. "నన్ను తప్పించండి బాబుగారూ. చూపు పోయింది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చో."

"వచ్చేదెవరో కనపడని వాచ్‌మన్ ఎందుకండీ" అని నవ్వాడు మీరా.

ట్రాలీని షెడ్డు ముందు నిలిపి, కేబులు చుట్టి పెట్టి, చేలగట్టున హైవే వైపు నడిచాడు. వెనకాల ఇంకో విమానం ఇంజను అందుకుంది. చెప్పులు విడిచి, నేలమీద కాలు మోపి నిలుచున్నాడు. అంత దూరానికి ఏ వణుకూ రాలేదు.

మర్నాడు నాగేంద్రబాబే వచ్చి ట్రాలీ లాగాడు. కదల్లేదు. వంగి చూస్తే, ఆ కాస్త వాలుకు జారకుండా చక్రం కింద తుమ్మకొయ్యతో చెక్కిన అడ్డుచెక్క ఉంది, మీరా చెయ్యి పట్టేచోట నున్నగా అరిగిపోయి.