రెండోసారి పెట్టిన పేరు

శనివారం సాయంత్రమైతే రొట్టెల కొట్టులో బేరాలన్నీ సైగలతోనే జరిగేవి. నాటకశాలలో తెర లేవగానే కొట్టాయన గొంతు పోయేది, తెర పడ్డాక తిరిగొచ్చేది. పుట్టినప్పుడు అతనికి ఒక పాత నాటకంలోని దుర్మార్గపు రాజు పేరు పెట్టారు. ఆ రాజు మొదటి నుంచి చివరిదాకా వేదిక దిగడు. రాజు వేషగాడు అక్కడ అరిచినంతసేపూ ఆ గొంతు కొట్టాయనదే. "ఆ పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ, వారానికో సాయంత్రం నా చెవులకి సెలవిచ్చారు," అనేది అతని భార్య రొట్టెలు పొట్లం కడుతూ.

ఆ ఊళ్ళో అందరివీ పాత నాటకాల్లోని పేర్లే. బిడ్డ పుట్టగానే తల్లిదండ్రులు ప్రాంప్టరమ్మ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. వేదిక ముందు గుంటలో కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు కింద నుంచి అందించడం ఆమె పని. ఏ పాత్రకి ఎన్ని మాటలో, ఏ నాటకం ఏడాదికి ఎన్నిసార్లు ఆడతారో అంతా ఆమెకి నోటి లెక్క.

"కథానాయిక పేరా? శుభ్రంగా పెట్టుకోండి. పరీక్షల్లో నోటితో జవాబు చెప్పాల్సిన రోజున నాటకం పడితే మాత్రం నా దగ్గరికి రావద్దు," అనేది. "దూత పేరు చూడండి. ఒక్క కబురు చెప్పి చక్కాపోతాడు. మీవాడు గుటక వేసేలోపు గొంతు తిరిగొస్తుంది."

అందుకే దూతల పేర్లు ఖాళీగా దొరికేవి కావు. ఒకరు బతికుండగా ఆ పేరు ఇంకొకరికి పెట్టకూడదు మరి.

ఇంతమందికి పేర్లు కుదిర్చిన మనిషి సొంత మనవరాలి దగ్గర చతికిలబడింది. పిల్ల పుట్టి రెండు నెలలైనా ఒక్కసారీ ఏడవలేదు. నోరు తెరిచేది, ముఖం కందగడ్డ అయ్యేది, చెంపల మీద నీళ్ళు కారేవి. చప్పుడు మాత్రం ఉండేది కాదు. డాక్టరు టార్చి వేసి చూసి, గొంతులో లోపమేమీ లేదన్నాడు.

పిల్లని కన్న కూతురికి ఇంటి వెనక రేకుల షెడ్డులో బట్టలుతికే పని. ఊళ్ళోని హోటళ్ళ దుప్పట్లన్నీ అక్కడికే వచ్చేవి. ఒక మధ్యాహ్నం మిషను హోరులో ఆమె పనిలో ఉండగా పిల్ల ముఖం మీదికి దుప్పటి జారింది. సబ్బు కోసం లోపలికొచ్చింది కాబట్టి చూసింది. పిల్ల పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి.

ఆ రోజు నుంచి కూతురు పిల్లని ఒళ్ళో ఉంచుకోవడం మానేసింది. గడియారం చూసి పాలిచ్చేది, పడుకోబెట్టి వెళ్ళిపోయేది.

"ఎత్తుకోవే. నీ బిడ్డే కదా," అంది ప్రాంప్టరమ్మ.

"భయమేస్తుందమ్మా. అది పోయేటప్పుడు కూడా చెప్పకుండా పోతుంది."

పేరు పెట్టే రోజు రానే వచ్చింది. బస్సు నడిపే అల్లుడు సెలవు పెట్టి, గడ్డం గీసుకుని కూర్చున్నాడు. పక్కింటి రొట్టెలామె తీపి రొట్టె పట్టుకొచ్చింది.

"అత్తయ్యా, మంచి కథానాయిక పేరు చూడండి. ఊరంతా చప్పట్లు కొట్టాలి," అన్నాడు అల్లుడు.

"దీనికి గొంతే లేదు కదా బాబూ. రేపు ఆ వేషం కట్టినామె ఏం చేస్తుంది? నోరు ఆడించి ఊరుకుంటుందా?"

"ఏదో ఒకటి పెట్టి తెమల్చండి," అంది కూతురు లేస్తూ. "లేని గొంతు కొత్తగా పోయేదేముంది? నాకు అవతల దుప్పట్లున్నాయి."

షెడ్డు తలుపు ధడాలున పడింది. రొట్టెలామె తీపి రొట్టె ముక్కలు చేస్తూ అందుకుంది.

"వదినా, మన చిన్నప్పటి దర్జీ గుర్తున్నాడా? కొడుకు మీద మురిపెంతో వాడికి తన పేరే పెట్టాడు. పెట్టిన క్షణమే గొంతు కాస్తా పిల్లాడికి పోయింది. ఉయ్యాల్లో మీసాల గొంతుతో ఏడ్చేవాడమ్మా వాడు! దర్జీ పోయేదాకా మూగగానే కుట్టాడు పాపం."

అల్లుడు నవ్వాడు. ప్రాంప్టరమ్మ నవ్వలేదు.

ఆమెది తలుపు తీసే దాసి పేరు. నాటకం మొత్తానికి "ఎవరది?" అన్న ఒక్క మాటే ఆ పాత్రకి. జాగ్రత్త గల తల్లి ఏరికోరి పెట్టింది. గొంతు లేని ప్రాంప్టరుని నాటకశాల ఒక్క పూట కూడా ఉంచుకోదు. ఆ గుంట తప్ప ఆమెకి ఇంకో పని తెలియదు. గొంతూ పనీ పక్కపక్కన పెట్టి ఎంత కూడినా, ఎంత తీసేసినా, చివరికి నీలం తిరిగిన ఆ పెదాలే మిగిలాయి.

లేచి షెడ్డు దగ్గరికి వెళ్ళింది. కూతురు ఆవిరిలో అటు తిరిగి ఉంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయనిపించింది గానీ ఒక్కటీ నోటికి రాలేదు. నటులకి ఇలాగే అవుతుంది కాబోలు.

"టీ తాగావా?"

"తాగానమ్మా. నువ్వెళ్ళు."

వచ్చి ఉయ్యాల పక్కన నిలబడింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకసారి పైకి చెబితే చాలు, పేరు పడినట్టే. పిల్లని చూస్తూ ఆమె తన పేరు చెప్పడం మొదలుపెట్టింది. చివరి అక్షరం బయటికి రాలేదు.

పిల్ల నోరు తెరిచింది.

"ఏం పేరన్నారత్తయ్యా? సగమే వినపడింది," అన్నాడు అల్లుడు.

వెనక మిషను ఆగింది. తడి చేతులతో కూతురు పరిగెత్తుకొచ్చింది.

"అలా నిలబడి చూస్తారేంటి? ఏడుస్తోంది కదా!"

"ఏడుస్తోందా? చప్పుడేది?" అంది రొట్టెలామె ఉయ్యాల మీదికి వంగి.

అంత దగ్గరున్నా ఆమెకి ఏమీ వినపడలేదు. ముప్ఫై ఏళ్ళు గుంటలో గుసగుసలాడిన గొంతు అది. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళని తాకకుండా, వేదిక అవతలి చివర మాట కోసం తడుముకుంటున్న ఒక్క మనిషి చెవినే పడుతుంది. కూతురికి మాత్రం అది చెవి పక్కనే ఏడ్చినట్టుంది. ఆ బొంగురు గొంతు ఎవరిదో కూడా ఆమెకి తెలిసింది. తలెత్తి తల్లిని చూసింది.

"అమ్మా, ఏం పేరు పెట్టావు?"

ప్రాంప్టరమ్మ పెదాలు కదిలాయి.

"గట్టిగా చెప్పమ్మా. అమ్మా!"

పిల్ల మళ్ళీ ఏడ్చింది. కూతురు చప్పున వంగి ఎత్తుకుని, గడియారం వంక చూడకుండానే నేల మీద కూర్చుని పాలిచ్చింది.

తల కింద చెయ్యి పెట్టవే అని చెప్పబోయింది ప్రాంప్టరమ్మ. కూతురు అప్పటికే పెట్టింది.