సరిహద్దుకు ఇవతలివాళ్లు

డెన్మార్క్ రాణిగారు ఏడాదికి ఒక్కసారి మా నాన్నతో మాట్లాడేవారు. డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం, టీవీలో, ఒకే ఒక్క వాక్యం. దేశానికంతటికీ శుభాకాంక్షలు చెప్పాక, సరిహద్దుకు దక్షిణాన ఉన్న డేనిష్ వాళ్లను కూడా తలుచుకునేవారు. ఇక్కడ ఫ్లెన్స్‌బుర్గ్‌లో, జర్మనీ గడ్డ మీద, మా నాన్న ఆస్ముస్ కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. రాణికి చట్టాలు చేసే అధికారం లేదు, సరిహద్దు జరిపే అధికారమూ లేదు. అయినా ఆ మాట ఒక్క ఏడాది మానేస్తే మేము ఎవరికీ కానివాళ్లమైపోతామని ఆయన భయం. నవ్వకండి, ఆ భయం నాకూ ఉంది.

ఆయన అక్క ఫ్రౌకె మాత్రం నవ్వేది. ఆమె ఎప్పటికీ జర్మనే. యుద్ధం అయిపోయాక వచ్చిన ఆకలి చలికాలంలో వాళ్లమ్మ చిన్నవాడైన నాన్నను డేనిష్ బడిలో వేసింది. అక్కడ పిల్లలకు డెన్మార్క్ పంపిన పందిమాంసం పెట్టేవారు. తన ముక్కలో సగం దాచి ఆయన అక్క కోసం తెస్తే, ఆమె దాన్ని కుక్కకు విసిరేసింది.

"పందిమాంసం డేనిష్‌వాడా!" అంది.

తిండి కోసం డేనిష్ బడికి మారినవాళ్లను అప్పట్లో ఊరంతా అలాగే తిట్టేవారు. నాన్నకు మాత్రం అది అక్క గొంతులోనే వినిపించేది. "కూటికోసం కోటి విద్యలు, మావాడికి డేనిష్ ఒక విద్య" అని ఆమె పెద్దయ్యాక కూడా ఇరుగుపొరుగుతో అనేది. సంతలో ఎదురుపడినా ఇద్దరూ మొహాలు తిప్పుకునేవారు.

మతిమరుపు వచ్చి నాన్న నుంచి ముందు నా పేరు తీసుకుపోయింది, తర్వాత బడిలో నేర్చిన డేనిష్ మొత్తం పట్టుకుపోయింది. చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడిన పల్లె జర్మన్ ఒక్కటే మిగిలింది. అది నాకు అరకొరగా వచ్చు. ఆయనకు ఇదే ఆఖరి ఏడాదని డాక్టరు చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది. రాణి మాట ఈ ఒక్కసారి ఆయనకు అందాలి. దాన్ని ఆ పల్లె జర్మన్‌లో ఆయనకు చెప్పగలిగేది అత్త ఒక్కతే. అందుకే సిగ్గు చంపుకుని వెళ్లి ఆమె తలుపు తట్టాను.

"మీ నాన్న పిలవమన్నాడా?"

"ఆయనకి నేనెవరో కూడా తెలీదత్తా."

"అయితే నయం. నన్నూ మర్చిపోయుంటాడు" అంటూ కోటు తొడుక్కుంది.

నాన్న ఆమెను చూడగానే, "ఇంతసేపు ఎక్కడికి పోయావక్కా?" అన్నాడు. అత్త టోపీ తీయడానికి చాలాసేపు తీసుకుంది.

ఉడికించిన చేప, ఆవాల సాసు పెట్టి టీవీ వేశాను. రాణిగారు మాట్లాడారు. ఆ వాక్యం వచ్చింది. నాన్న తల వంచుకుని చేపలో ముల్లు ఏరుకుంటూనే ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎవరక్కా ఆవిడ? ఏమంటోంది?" అన్నాడు.

అత్తకు డేనిష్ అర్థమవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె ఏం చెప్పినా ఆయన నమ్ముతాడు.

"రాణి రా. నిన్నే అడుగుతోంది."

"నన్నా? నేనెవర్నని?"

"డేనిష్‌వాడివి కదరా. సరిహద్దుకి ఇవతలున్నా నువ్వు మావాడివే అంటోంది. లే, నిలబడు."

ఆయన బల్ల మీద చేతులు ఆనించాడు గానీ లేవలేకపోయాడు. అత్త ఆయన చంకలో చెయ్యివేసి లేపింది. నిలబడ్డాక ఆయన మొహంలో ఒక దిగులు కనిపించింది.

"పందిమాంసం కూడా పంపిందా?"

"పంపింది."

"సగం నీకు దాచాను. కుక్కకి వెయ్యవుగా?"

"వెయ్యన్రా. ఆకలేస్తోంది, పెట్టు."

ఆయన తన పళ్లెంలోంచి చేపముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. అత్త తమ్ముణ్ణి ఒక చేత్తో పట్టుకుని, నిలబడే ఆ ముక్క మొత్తం తిన్నది.