గోడకు కొడితే నాన్నకు తగిలేది

పొద్దున్నే నాన్న వీపుకు మందు రాయడం కూతురి పని. చొక్కా విప్పి, వెలుతురు పడేలా కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, ముందు కొత్తగా ఎక్కడ కమిలిందో చూసేది. ఆ వీపు చూస్తే చాలు, వీధిలో ఏం జరిగిందో తెలిసిపోయేది. భుజం దగ్గర గీత పడిందంటే మూలింటివాళ్ళు మంచం జరుపుతూ గోడకు గీశారన్నమాట. నడుము మీద ఎర్రటి చుక్క ఉందంటే ఎవరో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు సంగతి తెలియక మేకు కొట్టారన్నమాట.

ఆ వీధిలో ఏ ఇంటికి దెబ్బ తగిలినా ఆయనకు తగిలేది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. కొందరికి షుగరు ఉంటుంది, ఆయనకు ఇదుండేది.

ఆయన వడ్రంగి. భార్య పురిట్లోనే పోతే, పిల్లను భుజాన వేసుకునే తలుపులు చేశాడు. వీధిలో ఇళ్ళన్నీ ఒకే ఓనరువి. అద్దెకున్నవాళ్ళను గెంటేసి స్థలం అమ్ముకోవాలని అతని తొందర. మొదటిసారి గడ్డపారలతో వచ్చిన అతని మనుషులు సామాన్లు రోడ్డు మీద పడేశారు, అడ్డొచ్చిన ముసలాయన పళ్ళు రాలగొట్టారు, ఆ తర్వాత ఇంటి గోడ పగలగొట్టబోయారు. వడ్రంగి పసిపిల్లను పక్కింటి కుట్టుమిషను పిన్ని చేతుల్లో పెట్టి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. పక్కటెముకలు విరిగాయి. గోడ నిలిచింది. ఇళ్ళ దెబ్బలు ఆయనకు తగలడం ఆ రోజు నుంచే మొదలైంది.

లేచి నడవగలిగాక పిల్లను చంకనేసుకుని కోర్టు మెట్లెక్కాడు. ఏళ్ళ తరబడి ఎక్కుతూనే ఉన్నాడు. చివరికి, ఇళ్ళు ఉండడానికి పనికిరావని తేలితే తప్ప ఎవరినీ కదపకూడదని ఉత్తర్వు తెచ్చాడు. అప్పటినుంచి అందరికీ ఇళ్ళాయన అయ్యాడు. ఇంత తిరుగుడులోనూ కూతురికి జడ వెయ్యడం ఒక్కరోజు మానలేదు. ఆ జడలు మాత్రం తలుపు బందు బిగించినట్టు వేసేవాడు, పిల్లకు కనుబొమలు నుదుటి మీదికి వెళ్ళిపోయేవి.

వీధికి ఆయనంటే ప్రాణం. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది. పాతవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు మేకు కొట్టడం మానేశారు. రేకు లేచిపోతే మీద రాయి పెట్టారు. తలుపు ఊడితే తాడుతో కట్టారు. దూలం విరిగితే కింద కర్ర నిలబెట్టి, దాని చుట్టూ తిరగడం అలవాటు చేసుకున్నారు. కుట్టుమిషను పిన్ని క్యాలెండరును మిషను మీదే పరుచుకుంది, డిసెంబరు వచ్చేసరికి అందులో తేదీల కన్నా సూది పోట్లే ఎక్కువ. దెబ్బలు తిని తిని మంచాన పడ్డ ఇళ్ళాయనకు ఇదేం తెలియదు. వీపు నొప్పి తగ్గిందంటే వీధి చల్లగా ఉందనుకున్నాడు. అంత ప్రేమతో అందరూ కలిసి ఇళ్ళను కుళ్ళబెట్టారు.

ఓనరుకు అంతకన్నా ఏం కావాలి? ఒక శనివారం ఇంజినీరును పంపించాడు. ఇంజినీరు తోసిన మొదటి తలుపే ఊడి అతని చేతికొచ్చింది.

"సోమవారం మళ్ళీ వస్తాను. అప్పటికి బాగుచేసుకోకపోతే కూల్చేస్తారు," అని చెప్పి వెళ్ళాడు.

సంగతి విని ఇళ్ళాయన కూతురి మీద విరుచుకుపడ్డాడు. "ఇళ్ళు ఇలా అయిపోతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"నీ వీపు చూసి ఊరుకున్నాను నాన్నా."

"రేపు ఆదివారం. అందరూ ఇళ్ళల్లోనే ఉంటారు. సుత్తులు తియ్యమను."

"చచ్చిపోతావు."

"కూల్చేస్తే మాత్రం బతుకుతానా? ఆ గడ్డపారలన్నీ నా మీదేగా పడేది. ఎలాగూ పోయేవాణ్ణి, మీ చేతుల్లో పోతే ఇళ్ళయినా మిగులుతాయి."

ఆమె వెళ్ళి ఇంటింటికీ ఆ మాట చెప్పింది.

ఆదివారం అందరూ సుత్తులు పట్టుకుని బయటికైతే వచ్చారు గాని, ఒక్క చెయ్యి లేవలేదు. తండ్రి దగ్గర పని నేర్చింది కూతురే, మొదటి మేకు ఆమే కొట్టాలి. తమ ఇంటి తలుపు బందుకు మేకు ఆనించి కొట్టింది. లోపల మంచం కిర్రుమంది.

"వంకరగా దిగింది," అంది లోపలినుంచి నాన్న గొంతు. "పీకి మళ్ళీ కొట్టు."

పీకింది. పీకుతున్నప్పుడు ఆయన అరిచిన అరుపుకు కుట్టుమిషను పిన్ని రోడ్డు మీదే కూలబడింది. కూతురికి నాన్న మీద, వీధి మీద, తన చేతి మీద అసహ్యం వేసింది. గడప దిగి వచ్చి అందరికీ చెప్పింది. "ఒక్క దెబ్బకే దిగాలి. జాలిపడి మెల్లిగా కొట్టారంటే మీ చేతులు విరగ్గొడతాను."

ఇక వీధంతా సుత్తుల మోతే. ఆమె కొడుతూ మధ్యమధ్య లోపలికి వెళ్ళి చూసేది. వీపు చీలిపోయింది. దుప్పటి తడిసి మంచం కింద రక్తం మడుగు కట్టింది. ఆయన పళ్ళ మధ్య తువాలు కుక్కుకుని ఉన్నాడు, అది తీసినప్పుడల్లా అడిగేది ఒకటే. "మూలింటి దూలం బిగించారా?"

ఎండ ఉండగానే మూలింటి దూలం బిగించారు. ఆయన పక్కటెముకలు విరిగిన చప్పుడు వాకిట్లోకి వినిపించింది. ఆమె సుత్తి పారేసి పరుగెత్తుకొచ్చేసరికి ఊపిరి లేదు.

సోమవారం ఇంజినీరు ప్రతి తలుపూ తోసి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. "ఉండడానికి పనికొస్తాయి," అన్నాడు విసుగ్గా. వెంట వచ్చిన ఓనరు మనిషికి ఒళ్ళు మండిపోయింది, గడ్డపార ఎత్తాడు. అందరూ కూతురి వైపు చూశారు. నాన్న తర్వాత ఆ దెబ్బలు తనకే వస్తాయని ఆమే అనుకుంది, రాత్రి శవం పక్కన కూర్చుని అందుకు ఒప్పుకుంది కూడా. పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. గడ్డపార గోడలోకి దిగింది.

పక్కటెముకల కింద సూదితో పొడిచినట్టయింది. అంతే. కళ్ళు తెరిచింది.

కుట్టుమిషను పిన్ని తన పక్కటెముకలు రుద్దుకుంటోంది. "నాకు తగిలిందేంటే అమ్మాయ్," అంది.

"నాకూ తగిలింది," అన్నాడు మూలింటాయన.

వీధి పొడవునా అందరి చేతులూ అక్కడే ఉన్నాయి. నిన్న సుత్తి పట్టిన ప్రతివాళ్ళకూ తలా కాస్త అందింది.

ఓనరు మనిషి గడ్డపార మళ్ళీ ఎత్తాడు. పిన్ని వెళ్ళి అతని ముందు నిలబడింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ కదిలారు, సుత్తులతో.

"కొట్టుకో నాయనా," అంది పిన్ని. "మేం చాలామందిమి."

అతను ఒక్కో మొహమే చూసుకుంటూ పోయాడు. గడ్డపార దించి వెళ్ళిపోయాడు.

కూతురు మాత్రం గడప మీద కూర్చుండిపోయి, పక్క పట్టుకుని ఏడ్చింది. ఇంతమంది పంచుకున్నాక కూడా ఆ దెబ్బ నొప్పిగానే ఉంది.