మెట్ల మీద మాట

అద్దాలాయనకూ కొడుక్కూ మాటల్లేక ఐదేళ్లు. ఒకే కొట్లో, ఒకే బల్లకు చెరోవైపు నిలబడి అద్దాలు కోస్తారు. ఏదైనా చెప్పక తప్పకపోతే గోడకు చెబుతారు. "ఆ కిటికీ అద్దం సాయంత్రానికి కావాలట" అని తండ్రి గాల్లోకి అంటాడు. సాయంత్రానికి అది తయారై ఉంటుంది.

పెద్ద అద్దాన్ని మేడ ఎక్కించేటప్పుడు మాత్రం ఈ పంతం సాగదు. పైనున్నవాడు వెనక్కి నడుస్తూ ఎక్కాలి. తల తిప్పి చూసుకోకూడదు. తిప్పితే భుజం కదిలి అద్దం విరుగుతుంది. అందుకని కిందున్నవాడి నోరే వాడికి కళ్లు. "మెట్టు", "మలుపు", "చదును". ఇన్నేళ్లలో తండ్రి కొడుకుతో నేరుగా అన్న మాటలు ఇవే.

గొడవ మొదలైంది కొలత తప్పిన ఓ అద్దం దగ్గర. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి ముందే తండ్రి కొడుకు చెంప పగలగొట్టాడు. ఆ కొలత తీసింది తానేనని మర్నాడు తెలిసింది. అప్పుడే ఒక్క మాట అనేస్తే పోయేది. కన్నకొడుకు ముందు తల వంచడమేమిటని ఊరుకున్నాడు. వారం ఊరుకున్నవాడికి నెల కష్టం కాదు, నెల ఊరుకున్నవాడికి ఏడాది ఓ లెక్క కాదు. కొడుకేమైనా తక్కువ తిన్నాడా? వాడూ అడగలేదు.

ఇప్పుడు కొడుక్కి ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆ కబురు కోడలే చెప్పింది.

"మీరొక్క మాట అనండి మామయ్యా, ఆగిపోతారు. జీతం కోసం వెళ్లడం లేదు ఆయన."

చివరి పని ఓ మూడంతస్తుల ఇంట్లో. బీరువాకు బిగించే నిలువుటద్దం. అద్దాలాయన దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. బండిలో అనబోతే కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సరే, మెట్ల మీద అందామనుకున్నాడు. అక్కడైతే వాడి రెండు చేతులూ అద్దం కింద ఉంటాయి, విదిలించుకుని పోలేడు. మహా గొప్ప ఉపాయం తట్టిందని లోలోపల మురిసిపోయాడు కూడా.

మెట్లు ఇరుకు. పైన కొడుకు, కింద తాను.

"మెట్టు. మెట్టు. మలుపు."

రెండో అంతస్తు దాటారు.

"మెట్టు. నువ్వెళ్లిపోతే కొట్టెవరు చూస్తారు?"

ఇది కాదు అనాలనుకున్నది. నోరు ఎప్పుడూ ఇంతే. కొడుకు వేళ్లు బిగిశాయి. వింటున్నాడు.

"మెట్టు. ఆ రోజు... అమ్మాయి ముందు నేను నిన్ను..."

మెట్లు అయిపోయాయి. "చదును" అనాలి. అనలేదు. లేని మెట్టు మీద వెయ్యబోయిన కాలు దభీమని నేలకు తగిలింది. కొడుకు తూలాడు. అద్దం గోడను కొట్టుకుని భళ్లున మెట్లన్నిటి మీదా పరుచుకుంది.

కొడుకు మణికట్టు తెగింది. జేబురుమాలు పంటితో పట్టి కట్టుకున్నాడు. నెత్తురు కారుతున్నా వెళ్లిపోలేదు. ఐదేళ్ల తర్వాత తండ్రి ముఖంలోకి సూటిగా చూశాడు.

"చెప్పు నాన్నా. ఆ రోజు ఏమిటి?"

మధ్యలో అద్దం లేదు. వాడి చేతులు ఖాళీగా ఉన్నాయి, అయినా నిలబడే ఉన్నాడు. అద్దాలాయన నోరు తెరిచాడు. చివరికి వచ్చిన మాట ఇది:

"వెనక చూసుకుని నడవొద్దూ?"

కొడుకు తలూపి, గాజు ముక్కల మధ్య అడుగులు వేసుకుంటూ దిగిపోయాడు. కింద వీధి తలుపు మూసుకుంది.

చప్పుడు విని ఇంటావిడ బయటికి వచ్చింది. "అయ్యయ్యో, ఎవరండీ ఇలా చేసింది?"

"నాదేనమ్మా, తప్పంతా నాదే" అన్నాడు అద్దాలాయన. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. "క్షమించండి."