లెక్క సరిపోయిన ఎముకలు

నేను ఒక అస్థిపంజరాన్ని. ప్లాస్టిక్‌ది కాదు, అసలు సిసలు ఎముకలది. ఒక మండల కేంద్రంలోని హైస్కూలు సైన్సు గదిలో కొక్కేనికి వేలాడుతూ, ముప్పై ఏళ్ళకు పైగా పదో తరగతి పిల్లలకు పాఠమై బతికాను. బతికాను అన్నందుకు నవ్వకండి. సంతకం పెట్టి కునుకు తీసే టీచర్లకంటే నేను నయం, క్లాసులో కూర్చున్న పాపాన పోలేదు. ఎముకను బొక్క అనే ప్రాంతం కాబట్టి పిల్లలు నన్ను 'బొక్కల సార్' అనేవాళ్ళు.

నాకు తల్లి లేదు. బడులకు సామాను సరఫరా చేసే ఒక పట్నం దుకాణం వెనక గదిలో పుట్టాను. ఎముకల్ని ఉడకబెట్టి, తెల్లబరిచి, ఎండబెట్టి, రంధ్రాలు వేసి తీగతో గుచ్చారు. ఆ పని చేసినవాడు కూనిరాగం తీస్తూ పూలమాల కట్టేవాడిలా కూర్చున్నాడు. ఆఖరున మెడ మీద పుర్రె కూర్చోగానే నాకు 'నేను' అనిపించింది. అంతకుముందున్నది చీకటి. ఆ చీకటి ఎవరిదని నేను అడగలేదు. నన్ను చూసి హడలిపోయిన మనుషులు కూడా అడగలేదు.

చుట్టుపక్కల నాలుగు హైస్కూళ్ళకు నేనొక్కణ్ణే. అస్థిపంజర వ్యవస్థ పాఠం ఏ బడిలో మొదలైతే ఆ బడికి వెళ్ళాలి. పక్క ఊరి బయాలజీ మాస్టారు మొగులయ్య సార్‌కి నన్ను విప్పడం ఇష్టముండేది కాదు. స్కూటర్ వెనక కూర్చోబెట్టి, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని, నా మీద దుప్పటి కప్పేవాడు. దారిలో ఎవరైనా "ఎవరు సార్ ఎనకాల?" అంటే, "మా తమ్ముడు, జరమొచ్చింది, దవాఖానకు తీస్కపోతున్న" అని ముఖం మాడ్చుకుని చెప్పేవాడు. ఒక ముసలామె నిజంగానే నా తలకు దిష్టి తీసి పంపింది.

నెలకోసారి సైన్సు టీచర్లంతా ఒక బడిలో కలిసేవాళ్ళు. నా అప్పగింతలు అక్కడే జరిగేవి. దానికొక పద్ధతి ఉంది. ఇచ్చే టీచరు నన్ను పెట్టుకుని ఒక పాఠం చెప్పాలి, మిగతావాళ్ళు పిల్లల్లా బెంచీల మీద కూర్చుని అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయాలి. తర్వాత ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు కలిసి నా ఎముకలు లెక్కపెట్టాలి. చెవిలో ఉండే ఆరు చిన్న ఎముకలు అగ్గిపెట్టెలో ఉండేవి, వాటిని కూడా కలిపి రెండు వందల ఆరు. "ఒప్పజెప్పిన" అని ఒకరు, "ముట్టినయ్" అని ఇంకొకరు. చదువుకున్నవాళ్ళు కదా, లెక్క సరిపోయాక ఇంకేమీ చూడలేదు.

సుభద్ర టీచర్ బదిలీ మీద మా బడికి వచ్చింది. అక్కడ బయాలజీ చెప్పేది ఆమె ఒక్కతే. స్టాఫ్ రూములో ఇంటి స్థలాలు, బదిలీల కబుర్లే తప్ప వేరే మాట ఉండదు. తన సబ్జెక్టు గురించి మాట్లాడే మనిషి కోసం ఆమె మొహం వాచిపోయింది. మొదటి సమావేశంలో, ప్రత్యుత్పత్తి పాఠం నవ్వులు రాకుండా ఎలా చెప్పాలని ఆమె అడిగింది. మొగులయ్య సార్ ఆ పూటంతా కూర్చుని చెప్పాడు. లేచేటప్పుడు 'చెల్లె' అని పిలిచాడు. ఆ రోజు ఆమె మా గదికి వచ్చి, ఎవరూ లేరనుకుని కాసేపు సంతోషంగా ఏడ్చింది.

వానకు బడి తొందరగా వదిలేసిన ఒక మధ్యాహ్నం, కరెంటు లేని గదిలో ఆమె నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. కుడి భుజాస్థిని కిటికీ వెలుగులోకి తిప్పింది. దాని తల దగ్గర సన్నటి గీత, ఎముక పెరిగే చోటు, ఇంకా అతుక్కోలేదు. ఎదిగే వయసు. తర్వాత నా నడుము తడిమింది. కటి వలయం వెడల్పుగా ఉంది, ఆడమనిషిది. పుర్రెలో పళ్ళు చూసింది. మొదళ్ళ దాకా అరిగిపోయిన ముసలి పళ్ళు. ఆమె మెల్లగా వెనక్కి జరిగి స్టూలు మీద కూర్చుంది.

"మీరెంతమంది?" అంది.

ఒక్కణ్ణే అని అరవబోయాను. అప్పుడే కిటికీలోంచి గాలి వచ్చింది. నేను ఊగడం ఆపాక కూడా కుడి చెయ్యి ఊగుతూనే ఉంది.

ఆ రోజు నుంచి అది నా మాట వినలేదు. ఆటల బెల్లు మోగితే దాని వేళ్ళు కదిలేవి. బయట ఎక్కడో చంటిపిల్ల ఏడిస్తే నా నడుము బరువెక్కేది. పుర్రెకు మాత్రం ఏదీ వినబడేది కాదు, ముసలివాడు పాపం. నాకు భయం పట్టుకుంది. వీళ్ళు ముగ్గురైతే మరి నేనెవర్ని? వీళ్ళను విడదీస్తే నేను ఉంటానా?

సుభద్రకు వేరే భయం. చెబితే మొగులయ్య సార్ నొచ్చుకుంటాడు, దొరక్క దొరికిన అన్న దూరమవుతాడు. అయినా తర్వాతి సమావేశంలో లెక్క పూర్తయ్యాక లేచి నిలబడింది.

"లెక్క సరిగ్గనే ఉంది సార్. కానీ ఒక్క మనిషి కాదు."

మొగులయ్య సార్ నవ్వాడు. "ఏందమ్మా! ముప్పై ఏండ్ల సంది నా చేతుల్తోని లెక్కవెడుతున్న."

ఆమె గీత చూపించింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది.

"పదో తరగతి పోరగాండ్లకు 'మీ చెయ్యి గిట్లనే ఉంటది సూడుండ్రి' అని చెప్పిన. నిజంగనే వాళ్ళ ఈడుదే గదా చెల్లె."

ఫిజిక్స్ చెప్పే మొయిన్ సార్ సర్దబోయాడు. "ఏమైతది సార్, పాఠం పాఠమే గదా. ఇన్నేండ్లు నడిచింది, ఇగ నడవదా?"

"నడవది మొయిన్. నేను రిటైరయ్యేలోపు ఎవరి బొక్కలు వాళ్ళకు చేసి మట్టిల పెడదాం."

నేను వద్దన్నాను. గొంతు లేదు కాబట్టి దవడ ఒక్కసారి టక్కుమంది. అందరూ గాలి అనుకున్నారు. సుభద్ర ఒక్కతే తలెత్తి నా వైపు చూసింది. "ఒక్క క్లాసు చెప్పుకోనియ్యండి సార్" అని అడిగింది.

ఆ క్లాసులో ఆమె పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పింది. యశోద అనే పిల్ల ముందుకొచ్చి తన కుడి అరచేతిని నా కుడి అరచేతికి ఆనించింది. కొలిచి చేసినట్టు సరిపోయింది.

"టీచర్, ఈమె పేరేంది?"

"తెల్వదు బిడ్డా" అంది సుభద్ర. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కాసేపు పట్టింది. నా వేళ్ళు దాన్ని పట్టుకుని ఉన్నాయి. పట్టుకున్నది నేను కాదు. సుభద్ర అది చూసింది. పిల్లలు వెళ్ళగానే మొగులయ్య సార్‌కి ఫోన్ చేసి, "రాండ్రి అన్నా" అంది.

మొగులయ్య సార్, మొయిన్ సార్ అనుమతులన్నీ తెచ్చుకుని వచ్చి, సుభద్రతో కలిసి సైన్సు గది నేల మీద మూడు తెల్లగుడ్డలు పరిచారు. పట్టకారుతో ఒక్కొక్క కీలూ విప్పుతుంటే నేను నాలో నేనే పలచబడ్డాను. ఈ పక్కటెముక ఆమెదంటే కాదు ముసలాయనదని ముగ్గురు టీచర్లూ చిన్నపిల్లల్లా వాదించుకున్నారు. గుడ్డల్ని మూడు మూటలు కట్టి తీసుకెళ్ళాక, శ్మశానంలో ఏ మతం ప్రకారం ఏం చదవాలో వాళ్ళకు తోచలేదు. చివరికి మొగులయ్య సార్ ఒక్కొక్క మూట దగ్గరా నిలబడి దానిలోని ఎముకల పేర్లు చదివాడు. జత్రుక, భుజాస్థి, రత్ని, అరత్ని. హాజరు పిలిచినట్టు చదివాడు. చివరి మూట దగ్గర ఆయన పక్కకు జరిగి నిలబడితే సుభద్ర అందుకుంది.

నేను ఆ మూడు మూటల్లోనూ నన్ను వెతుక్కున్నాను. ముసలివాడు నిద్రపోయాడు. ఆమె అటు తిరిగి పడుకుంది. ఆ పిల్ల ముడుచుకుని ఉంది. ఎవరూ నాకు చోటివ్వలేదు. మట్టి కప్పారు, టీచర్లు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఇళ్ళకు పోయారు. నేను మళ్ళీ సైన్సు గదిలోనే, ఏమీ లేని చోట వేలాడుతూ మిగిలిపోయాను.

జూన్‌లో ప్లాస్టిక్ అస్థిపంజరం వచ్చింది. తేలిగ్గా, నున్నగా, లోపలంతా ఖాళీగా ఉంది. నాకు అంతకంటే ఏం కావాలి? అందులోకి చేరాను.

సుభద్ర టీచర్ దాని కుడి చెయ్యి చేతిలోకి తీసుకుని, "ఇది ఎవరిదీ కాదు, భయపడకుండ్రి" అని పిల్లలకు చెప్పింది. పాఠం బాగా చెప్పింది. బెల్లు కొట్టారు, పిల్లలంతా వెళ్ళిపోయారు. ఆమె కూడా వెళ్దామనుకుంది. ఆమె చెయ్యి వదలడం నా వల్ల కాలేదు.